సాపేక్షతా ఖండన ఖండనము

పెద్దలు చెప్పినదెల్ల సత్యమని నమ్ముట యెంత కీడో, పెద్దలు చెప్పినదెల్ల నసత్యమని పలుకుటయు నంతియ కీడు. మొదటిదానిని ఖండించుటకు మన సంస్కర్తలు నూఱేండ్లకు పైగా పాటుపడిరి. రెండవదానిని గూర్చి మనలో ననేకులు మౌనము వహించియున్నారు. కొందఱు దానినే స్వతంత్రబుద్ధి యని భ్రమపడుచున్నారు. ఈ భ్రమను గూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు నన్ను పురికొల్పినది ఇటీవల హైదరాబాదు ఫిలింనగరులో నొక మిత్రుని యింట జరిగిన సంభాషణము.

ఆ మిత్రుడు ఇంజనీరుగా పనిచేసి విరమించినవాడు; కట్నము పుచ్చుకొనక పెండ్లియాడినవాడు; కుమార్తెలను కుమారునితో సమానముగ చదివించినవాడు. ఇట్టి సజ్జనుడు కొన్ని యేండ్లనుండి ఐన్‌స్టీను సాపేక్షతా సిద్ధాంతము తప్పని నిరూపింప బూని, స్వంత వ్యయముతో మూడు పుస్తకములు అచ్చువేయించెను. మూడవదానిని నా చేతిలో బెట్టి, "అయ్యా, విదేశ పత్రికలవారు దీనిని ప్రకటింపరు. వారిదంతయు నొక ముఠా. మీరైన నొక మాట వ్రాయుడు. ఇక్కడి నిర్మాతలలో నెవరైన దీనిని చిత్రముగా తీసినచో లోకమునకు కన్నులు తెఱచుకొనును" అనెను. పుస్తకము తిరుగవేసి చూచితిని. అందు ఐన్‌స్టీనుపై కోపము కలదు, వేదవాక్యములు కలవు, బీజగణితము కూడ కలదు. కొలత మాత్ర మొక్కటియు లేదు.

నేను సెలవు తీసికొని వచ్చుచుండగా ఆయన భార్య గుమ్మము వఱకు వచ్చి, "అన్నయ్యగారూ, అది తప్పో ఒప్పో నాకు తెలియదు. అచ్చాఫీసువారికి ఇంకను బాకీ యున్నది. నా గాజులు రెండు ఇదివఱకే పోయినవి. మీరు మెచ్చుకొన్నచో నాల్గవ పుస్తకము మొదలగును" అని మెల్లగా పలికెను. ఇంటర్మీడియటు చదువుచున్న మనుమడు, "పరీక్షలో తాతయ్య చెప్పినది వ్రాయమందురా, పుస్తకములోనిది వ్రాయమందురా?" అని నవ్వుచు నడిగెను. ఆ నవ్వులో కొంత భయము కూడ కలదు. కావున ఇది విద్వాంసులకే విడిచిపెట్టదగిన వివాదము కాదని నాకు తోచినది.

"సందేహించుటకు మనకు హక్కు లేదా?" యని ఇట్టివారు మొదట నడుగుదురు. నిశ్చయముగా కలదు. చింతామణి రఘునాథాచారి యను నాతడు చెన్నపట్టణపు నక్షత్రశాలలో సహాయకుడు. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు మన వనపర్తికి వచ్చినవాడు. పాత పంచాంగముల గణితము ఆకాశమున కనబడు గ్రహగతులతో కలియుట లేదని చూచి, చూచినదానితో సరిపోవు దృగ్గణిత పంచాంగమును ప్రకటించెను. 1874లో శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగ పోవు వింతను గూర్చి దేశభాషలలో చిన్న పుస్తకములు వ్రాసి గృహస్థులకు పంచెను. ఆయనయు సంప్రదాయమును ధిక్కరించినవాడే. కాని తన కోపమును కాక దూరదర్శినిని సాక్షిగా నిలిపెను.

సాపేక్షతా సిద్ధాంతమునే ధిక్కరించిన గొప్పవాడొకడు మన దేశముననే యుండెను. సర్ షా మహమ్మద్ సులైమాన్ అలహాబాదు హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తి, గణితమునందు గట్టివాడు. 1930ల నడుమ ఆయన ఐన్‌స్టీనునకు ప్రతిగా వేఱొక సిద్ధాంతమును ప్రతిపాదించెను. సూర్యుని యంచున పోవు నక్షత్రకాంతి 1.75 వికలల కోణము వంగవలెనని ఐన్‌స్టీను లెక్క. అంతకంటె నెక్కువగ వంగునని సులైమాన్ లెక్క. అప్పటికి ఆ మాటను త్రోసివేయుటకు వీలు లేదు; ఏమన, 1929లో సుమత్రా ద్వీపమున గ్రహణ సమయమందు జర్మనులు తీసిన ఛాయాచిత్రములు 2.24 వికలలను చూపియుండెను. 1936 జూన్ 19వ తేదీ గ్రహణము తీర్పు చెప్పునని ఆయన యెదురుచూచెను. కాని గ్రహణపు ఛాయాచిత్రములు అంత సూక్ష్మమైన కొలతకు చాలవయ్యెను. ఆయన 1941లో గతించెను. తరువాత రేడియో దూరదర్శినులు వచ్చి, 1970ల నడుమకు నూటికొక వంతు తేడాలోపల ఐన్‌స్టీను అంకెనే నిలిపినవి.

సులైమాన్ ఓడెను. కాని ఆ యోటమిలో నవమాన మేమియు లేదు. "నా మాట నిజమైనచో ఇంత యుండవలెను, లేనిచో నేను తప్పు" అని ముందుగానే చెప్పి పందెమునకు నిలిచినవాడాతడు. సాక్ష్యము లేని వాదము న్యాయస్థానమున చెల్లదని న్యాయమూర్తికి వేఱుగ జెప్పనక్కఱ లేదు గదా! నా మిత్రుని పుస్తకములో లేనిది ఈ పందెమే.

ఇక సిద్ధాంతము చెప్పున దేమి? ఫిలింనగరు వారికి తెలిసిన దృష్టాంతముతోనే చెప్పెదను. చిత్రీకరణ సమయమున బొమ్మ నొక యంత్రమును, ధ్వనిని వేఱొక యంత్రమును పట్టుచుండును. రెంటిని కలుపుటకై ముందు క్లాపు కొట్టుదురు. ఆ రెండు యంత్రముల నడకలో నించుక భేదమున్నను, కొంతసేపటికి పెదవి కదలికకు మాట తప్పును. ఎడిటరు దానిని వెంటనే పట్టుకొనును. వేగముగ తిరుగు గడియారము నెమ్మదించునని, భూమికి దూరమైన గడియారము త్వరపడునని సాపేక్షతా సిద్ధాంతము చెప్పును. దారి చూపు ఉపగ్రహములు భూమికి 20,000 కిలోమీటర్లకు పైన తిరుగుచుండును. ఆ వేగముచేత వాని గడియారములు దినమునకు 7 మైక్రోసెకనులు వెనుకబడును. ఆ యెత్తుచేత 45 మైక్రోసెకనులు ముందుకు పోవును. మొత్తముమీద 38 ముందు. మైక్రోసెకను అనగా సెకనులో పదిలక్షలవ వంతు. ఇది లెక్కింపదగినదా యందురేమో! వెలుగు ఆ కాలములో 11 కిలోమీటర్లకు మించి పోవును. వెలుగు ప్రయాణకాలమును బట్టియే దూరమును గణించు యంత్రమునకు అంత తప్పు ఎట్లు సహ్యమగును?

1977లో ఈ విద్య తొలినాళ్లలో నున్నపుడు, ఇట్టి సవరణ యవసరమా యని శంకించినవారు అమెరికాలోనే కొందఱుండిరి. వారిని మూర్ఖులని యెవరును తఱిమివేయలేదు. జూన్ 23వ తేదీన ఎన్.టి.ఎస్.-2 అను ఉపగ్రహమును పరమాణు గడియారముతో పంపునపుడు, సవరణ చేయు పరికరము నందమర్చి, దానిని నడుపక ఆపియుంచిరి. శంక నిజమైనచో దాని నట్లే యుంచవచ్చును. సిద్ధాంతము నిజమైనచో భూమినుండి ఆజ్ఞ పంపి నడిపింపవచ్చును. సుమారు 20 దినములు గడియారమును కనిపెట్టి చూచిరి. లక్షకోట్ల భాగములకు 446.5 భాగములు త్వరపడవలెనని సిద్ధాంతము, 442.5 భాగములు త్వరపడెనని కొలత. పరికరమును నడిపించిరి. సందేహమును గౌరవించుట యన నిట్లుండవలెను.

నేను ఆనాడు జూబిలీహిల్స్ చెక్‌పోస్టు నుండి మిత్రుని యింటికి ఆటోలో పోయితిని. ఆ కొండదారుల మలుపులు నాకును తెలియవు, ఆటో నడుపు అబ్బాయికిని తెలియవు. చేతిలోని ఫోను చెప్పిన దారినే పోయి వాకిట దిగితిమి. ఆ ఫోనునకు దారి చూపిన గడియారములలో ఐన్‌స్టీను సవరణ యున్నది. ఇది పరాయివారి వింత యనుకొనవలదు. 2023 మే 29వ తేదీన శ్రీహరికోట నుండి యెగసిన ఎన్.వి.ఎస్.-01 ఉపగ్రహమున మన దేశమున తయారైన పరమాణు గడియారమే యున్నది.

విదేశీయుల ముఠా యను నాక్షేపణ మొకటి మిగిలినది. శాస్త్రలోకమున ఐన్‌స్టీనును పడగొట్టినవానికి వచ్చు కీర్తి, సమర్థించినవానికి రాదు. కావున పడగొట్టుటకే యందఱును తహతహలాడుచుందురు. ఫ్రాన్సువారు 2016లో మైక్రోస్కోప్ అను నొక ఉపగ్రహమును పంపి, వేర్వేరు లోహములు సమానముగ పడుచున్నవా లేవా యని పరీక్షించిరి. భేద మేమైన కనబడినచో ఐన్‌స్టీను పునాదియే కదలియుండును. 2022లో ప్రకటించిన తుది ఫలితములో, సుమారు వేయి లక్షలకోట్లలో నొక వంతు సూక్ష్మత వఱకు భేదము కనబడలేదు. సాపేక్షతా సిద్ధాంతము పరమసత్యమని నే ననను. అణుప్రపంచమును వివరించు క్వాంటము సిద్ధాంతముతో దానికింకను పొత్తు కుదురలేదు. ఏనాడో యొకనాడు దానికిని సవరణ రావచ్చును. వచ్చునది మాత్రము కొలత ద్వారముననే వచ్చును.

ముఠా యనదగినది నిజముగా నొకటి యుండెను. జర్మనీలో ఫిలిప్ లెనార్డు 1905లో నోబెల్ బహుమానము పొందిన మహాపండితుడు. ఆయన ఐన్‌స్టీనును ద్వేషించి, తుదకు 1936లో "జర్మను భౌతికశాస్త్రము" అను పేర గ్రంథము ప్రకటించి, శాస్త్రము జాతిని బట్టి పుట్టునని వాదించెను. ఐన్‌స్టీను యూదుడగుటయే ఆయన కంటికి దోషము. చెప్పినవాని పుట్టుకను బట్టి చెప్పినదానిని తూచు వ్యాధిని మనమెఱుగమా? అక్షరము నేర్వబోయిన వాని కులమడిగి గెంటివేసిన దేశము మనది. కొలతకు కులము లేదు, మతము లేదు. "అది పాశ్చాత్యుల శాస్త్రము, ఇది మన శాస్త్రము" అనువారు ఎఱిగియో యెఱుగకయో లెనార్డు బాటనే నడచుచున్నారు.

వీరే మఱల, "సాపేక్షత మన పురాణములలో ముందే కలదు" అందురు. రైవతుడు కుమార్తెయగు రేవతితో బ్రహ్మలోకమునకు పోయి మరలివచ్చునప్పటికి భూమిపై యుగములు గడచిపోయెనను భాగవత కథను చూపుదురు. సిద్ధాంతము తప్పైనచో దానిని మన పూర్వులు కనుగొన్నారనుట పూర్వులకు గౌరవమా? ఒకే నోట రెండు మాటలు! 2019 జనవరిలో జలంధరులో జరిగిన భారత విజ్ఞాన మహాసభలో నొక వక్త న్యూటనును ఐన్‌స్టీనును పొరబడిరని పలికెను. మన ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షుడు కౌరవులు పరీక్షనాళికలలో పుట్టిరనియు, రావణునకు 24 విధముల విమానములుండెననియు సెలవిచ్చెను. వినుచున్నవారిలో పాఠశాలల పిల్లలు కలరు. ఆ మాటలతో తమకు సంబంధము లేదని సభా నిర్వాహకులే తరువాత ప్రకటింపవలసి వచ్చెను.

కథను కథగా గౌరవించుట యెట్లో ఫిలింనగరు వారికంటె నెవరికి తెలియును? 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు "ఆదిత్య 369" చిత్రమున కథానాయకుని కాలయంత్ర మెక్కించి శ్రీకృష్ణదేవరాయల కాలమునకు పంపిరి. మనమందఱము ఆనందించితిమి. ఇంటికి వచ్చి ఆ యంత్రమును కొనుటకు డబ్బు కూడబెట్టలేదు. స్టూడియోలో కొయ్యతోను సున్నముతోను రాజభవనమును కట్టుదురు. అది కంటికి నిజమే. దానిలో వాన కాలమున కాపురముండ బూనిన శిల్పి యొక్కడును లేడు. రైవతుని కథ యంతకంటె ననేక రెట్లు సుందరము. దాని మీద భౌతికశాస్త్రమను బరువైన దూలము నెత్తుట కథకే యపచారము.

కావున గృహస్థులకు నా విన్నప మొక్కటే. బజారున కూరగాయలు కొనునపుడు "ఎంత?" అని అడుగక సంచిలో వేసికొనము. కొత్త సిద్ధాంతము తెచ్చినవానిని కూడ ఆ మాటయే అడుగుదము: "ఐన్‌స్టీను ఇంత యనిన చోట మీ రెంత యందురు? కొలిచి చూడగా కాకున్నచో విడిచెదరా?" ఈ ప్రశ్నకు గణితశాస్త్ర పాండిత్య మక్కఱలేదు. గాజులు పోగొట్టుకొన్న ఇల్లాలు అడుగవచ్చును. ఇంటర్మీడియటు చదువు మనుమడు అడుగవచ్చును. సమాధానము చెప్పినవాడు నిజమైన వాది. వాని కెదురుగ కుర్చీ వేయవలెను. చెప్పని వానికి శాలువ కప్పుట, సభ చేయుట, మొగమాటమునకు మెచ్చుకొనుట వానికే ద్రోహము. మన పొగడ్తయే వాని యింటిపై అప్పుగా పడును.

ఆ ద్రోహమును నేను కూడ ఇంతకుముందు రెండు మార్లు చేసితిని. మొదటి రెండు పుస్తకములను చదువకయే "బాగున్నవి" అంటిని. ఆ యిల్లాలి మాట విన్నపిమ్మట సిగ్గుపడి, మిత్రునికి జాబు వ్రాసితిని: "మీ సిద్ధాంతము ప్రకారము ఉపగ్రహ గడియారము దినమునకెన్ని మైక్రోసెకనులు ముందుకు పోవలెను? 38 కానిచో ఎంత? ఆ యంకెను వ్రాయునంత వఱకు నాల్గవ పుస్తకమును అచ్చునకు ఈయవలదు." ఆయన కోపించియుండవచ్చును. ప్రత్యుత్తరములో నంకె వచ్చినచో, దానిని ఈ పత్రికకే పంపుదును.