అతుకుల కాడ తెలుస్తది అసలు సంగతి

సిస్టమ్స్ ఇంజినీరింగ్‌ల ఎంఎస్ అనంగనే కంప్యూటర్ కోర్సే అనుకునే పిల్లలు మనదగ్గర చానామంది ఉన్నరు. కన్సల్టెన్సీవాడు కూడా కాదనడు, వాని కమీషన్ వానిది. పేరుల 'సిస్టమ్స్' ఉన్నదని తండ్రి జాగ కుదువబెట్టి లోను తెస్తున్నడు. అసలు ఆ చదువేందో సీటు తీసుకోకముందే అడగొద్దా?

అది ఒక సామాను తయారుచేసే చదువు కాదు. ఇంజన్ ఒకరు చేస్తరు, సాఫ్ట్‌వేర్ ఒకరు రాస్తరు, వైరింగ్ ఇంకొకరిది. అన్నీ ఒక్కతాన కూడుతయా? వాడెటోనికి కావలసింది ఇదేనా? రిపేరొస్తే విప్పుడెట్ల? మొదటి కాగితం నుంచి ఆఖరికి తుక్కుల వేసేదాకా ఈ లెక్క చూసెటోడే సిస్టమ్స్ ఇంజినీరు.

1996ల యూరప్ వాళ్ల ఏరియన్-5 రాకెట్ లేచి నిమిషం గడవకముందే పేలిపోయింది. ఏరియన్-4ల మంచిగ పనిచేసిన సాఫ్ట్‌వేర్‌నే తెచ్చి ఇందుల పెట్టిన్రు. కొత్త రాకెట్ వేగం ఎక్కువ, ఆ అంకె పాత ప్రోగ్రాంల పట్టలేదు. 1999ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుని కాడికి పోయి మాయమైంది. ఒక జట్టు లెక్కలు పౌండ్లల ఇచ్చింది, ఇంకో జట్టు న్యూటన్లు అనుకున్నది. నాసా అంతటోళ్లకే ఈ గోస! రెండుచోట్లా తప్పు దొర్లింది అతుకు కాడనే.

అందుకే బీటెక్ అయిన తెల్లారే ఈ కోర్సుకు విమానం ఎక్కుడు నాకు నచ్చదు. ప్రాబబిలిటీ, ఆప్టిమైజేషన్, సిమ్యులేషన్ పుస్తకంల నేర్చుకోవచ్చు. 'చెప్పినట్టు కట్టినమా' అనేది ఒక పరీక్ష, 'కావలసిందే కట్టినమా' అనేది ఇంకో పరీక్ష. ఈ తేడా సైటుల ఒక్కసారన్న చెమట కార్చినోనికే ఎక్కుతది. ఈ రంగంల అంతర్జాతీయ సంఘమైన ఇన్‌కోస్, తన సీఎస్‌ఈపీ సర్టిఫికెట్‌కు కనీసం ఐదేండ్ల అనుభవం ఉండాలంటది. ఊరికే పెట్టలే ఆ షరతు.

ఇంకోమాట. ఇది నిజానికి ఉద్యోగుల చదువు. కరెంటు సబ్‌స్టేషన్‌ల, ఆర్టీసీ డిపోల, రక్షణ ల్యాబుల పదేండ్లు చేసినోనికి ఏ అతుకు ఎక్కడ ఊడుతదో ఎరికే. ఆయనకు కావలసింది దానికో పద్ధతి. మన యూనివర్సిటీలు అసొంటోళ్లకు సాయంత్రం క్లాసులు పెట్టాలె, పగటి కొలువు పోకుండ.

పోవాలనుకున్న పిల్లలు నాసా సిస్టమ్స్ ఇంజినీరింగ్ హ్యాండ్‌బుక్ ముందు చదవున్రి, నెట్‌ల పైస ఖర్చు లేకుండ దొరుకుతది. ఐఐటీ బాంబేల గేట్ మీద సిస్టమ్స్ అండ్ కంట్రోల్ ఎంటెక్ ఉన్నది, కని అందుల కంట్రోల్ గణితం పాలు ఎక్కువ. పేరు ఒకటే అయినా సరుకు వేరు. ఏ కాలేజైనా సరే, సిలబస్ కాగితం చేతికొచ్చినంకనే లోను కాగితం మీద సంతకం పెట్టున్రి.