మూన తిరిగే దాకా ముట్టుకోవద్దు

రాత్రి రెండైంది. పొద్దున తొమ్మిదిన్నరకి స్టాండప్ మీటింగ్. నేను మాత్రం హాల్లో నేల మీద బోర్లా పడుకుని, ఫోన్ టార్చ్‌కి ఎర్ర కాగితం అడ్డం పెట్టి అక్వేరియంలోకి తొంగి చూస్తున్నా. సాయంత్రం రాయి మీద పెట్టిన సీ అనెమొనీ అక్కడ లేదు. వెతగ్గా వెతగ్గా రాయి వెనకాల, వెలుతురు కూడా సరిగా పడని మూల ముడుచుకుని కనిపించింది.

చెయ్యి ఆటోమేటిగ్గా ట్యాంక్ మూత మీదకి వెళ్లింది. బలవంతంగా వెనక్కి తీసుకున్నా. ఎందుకంటే ఇది నా రెండో అనెమొనీ. మొదటిదాన్ని చంపింది ఆ చెయ్యే.

అనెమొనీ అంటే ఏంటో తెలియనివాళ్లకి ఒక్క మాట. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ గుర్తుందా? అందులో నీమో, వాళ్ల నాన్న కాపురం ఉండే మెత్తటి పువ్వులాంటి ఇల్లే అనెమొనీ. చూడ్డానికి పువ్వు, నిజానికి జంతువు. కొమ్మల్లాంటి వేళ్లతో కుడుతుంది, నోరుంది, కింద పాదం ఉంది. ఆ పాదంతో రాయిని పట్టుకుంటుంది, నచ్చకపోతే నడుచుకుంటూ వెళ్లిపోతుంది కూడా. ఇంటి ట్యాంకుల్లో ఎక్కువగా పెంచేది బబుల్ టిప్ అనే రకం. వేళ్ల చివర చిన్న బుడగల్లా ఉబ్బుతాయి కాబట్టి ఆ పేరు.

మొదటిదాన్ని ఎలా చంపానంటే...

ఉప్పునీటి ట్యాంక్ పెట్టి అప్పటికి మూడు నెలలే. క్లౌన్ ఫిష్ జంట ఉంది, ఇల్లు లేదు. అంతే, షాప్‌కెళ్లి తెచ్చేశా. రాయి మీద ముందువైపు, సోఫాలోంచి బాగా కనపడే చోట పెట్టా. తెల్లారేసరికి పక్కకి జరిగింది. తీసి మళ్లీ ముందుకు పెట్టా. మళ్లీ జరిగింది. మళ్లీ పెట్టా. ఆకలేమో అని రెండో రోజే రొయ్య ముక్క నోట్లో కుక్కా. ఉమ్మేసింది. లైట్ చాలట్లేదేమో అని ఫుల్ పెట్టేశా.

ఆరో రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి ట్యాంక్ నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి. పట్టు దొరక్క తిరుగుతున్న అనెమొనీని వేవ్‌మేకర్ ఫ్యాన్ లాగేసుకుంది. ముక్కలు ట్యాంకంతా చెదిరిపోయాయి. అవి కుళ్లి అమోనియా పెరిగి, రాత్రికి క్లౌన్ ఫిష్ ఒకటి కూడా పోయింది.

ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్‌లో చెప్తే అంతా విని ఒకటే అడిగింది. “ఒరే, ఊడ్చిన నారుని రోజూ పీకి వేరు పట్టిందా లేదా అని చూస్తామా? మూన తిరిగే దాకా దాని జోలికి ఎవడన్నా వెళ్తాడా?”

వరి నాటాక నాలుగైదు రోజులు చేను పసుపుపచ్చగా, చచ్చినట్టే ఉంటుంది. తర్వాత వేరు తొడిగి పచ్చబడుతుంది. దాన్నే మూన తిరగడం అంటారు. నాకు దొరికిన బెస్ట్ అక్వేరియం సలహా ఇదే. ఇచ్చినావిడ జన్మలో అక్వేరియం పెట్టలేదు.

తేవడానికి ముందే చేయాల్సిన పని

రెండోదానికి ఏడాది ఆగా. ట్యాంక్ కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది నడిచాకే అనెమొనీ తేవాలి. అమోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. ఉప్పు స్పెసిఫిక్ గ్రావిటీలో 1.025 దగ్గర, వేడి 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. అంకె ఎంత ముఖ్యమో, అది రోజూ అలాగే ఉండటం అంతకన్నా ముఖ్యం. సముద్రంలో రాత్రికి రాత్రి ఏదీ మారదు కదా.

హైదరాబాద్ ఎండాకాలంలో అసలు పరీక్ష ఇదే. చిల్లర్ కొనలేకపోతే నీళ్ల మీదికి చిన్న ఫ్యాన్ తిప్పినా రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కానీ ఒక మెలిక ఉంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. తగ్గినంత మేర ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లు రోజూ పోయకపోతే ట్యాంక్ మెల్లగా ఊరగాయ జాడీ అయిపోతుంది.

వేవ్‌మేకర్‌కి ముందే స్పాంజో, జాలీ కవరో తొడగండి. అనెమొనీ వచ్చాక కాదు, ముందే.

షాప్‌లో మూడు చూడండి. నోరు గట్టిగా మూసుకుని ఉండాలి. పాదం చిరగకూడదు. రంగు మరీ తెల్లగా పాలిపోయి ఉండకూడదు. దాని ఒంట్లో సూక్ష్మమైన నాచు కాపురం ఉంటుంది, వెలుతురుతో ఆహారం తయారుచేసి పెడుతుంది. తెల్లబడిందంటే వంటవాళ్లు ఇల్లు ఖాళీ చేశారన్నమాట. బబుల్ టిప్ తనంతట తానే రెండుగా చీలి పిల్లల్ని చేస్తుంది. అందుకని సముద్రంలోంచి పీకినది కాకుండా, ఎవరి ట్యాంక్‌లోనో చీలినదాన్ని అడిగి తెచ్చుకోండి. సముద్రానికీ మంచిది, ట్యాంక్ బతుక్కి అదీ అలవాటుపడి ఉంటుంది.

మొదటి రోజు

కవర్‌ని పావుగంట ట్యాంక్ నీళ్లలో తేలనివ్వండి, వేడి సమానమవుతుంది. తర్వాత దాన్ని బకెట్‌లోకి మార్చి, ఎయిర్ పంప్ ట్యూబ్‌కి ఒక ముడి వేసి, ట్యాంక్ నీళ్లు సెలైన్ బాటిల్‌లా చుక్క చుక్క పడనివ్వండి. సుమారు గంట చాలు. కవర్ నీళ్లు మాత్రం ట్యాంక్‌లో పోయొద్దు.

పెట్టేటప్పుడు వేవ్‌మేకర్ ఆపేయండి. బబుల్ టిప్‌కి కావలసింది పాదం దాచుకోవడానికి రాతిలో ఒక బొరియ. దాని దగ్గర వదిలి, పాదం పట్టుకునేదాకా ఓ అరగంటో గంటో ఆగి, అప్పుడు ప్రవాహం తక్కువలో పెట్టండి. లైట్ సగం కన్నా తక్కువతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి.

అంతే. మీ పని అయిపోయింది. అసలు కష్టం ఇక్కణ్నుంచే.

ఏమీ చేయకపోవడం అనే పని

అది నడుస్తుంది. నడవనివ్వండి. వెలుతురు, ప్రవాహం, చోటు మూడూ కుదిరే జాగా అదే వెతుక్కుంటుంది. మనకి సోఫాలోంచి కనపడాలన్న రూలేం లేదు. పట్టి లాగితే పాదం చిరుగుతుంది, అది మానడం కష్టం.

అది ముడుచుకుపోతుంది. తడిగుడ్డలా వాలిపోయి, నోట్లోంచి గోధుమరంగు జిగురు వదులుతుంది. చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. చాలాసార్లు అది లోపలి చెత్త బయటికి పంపుకోవడం మాత్రమే. కొన్ని గంటల్లోనో, ఒక రోజులోనో మళ్లీ ఉబ్బుతుంది.

మొదటి వారం తిండి పెట్టకండి. స్థిరపడ్డాక వారానికోసారి చిన్న రొయ్య ముక్క, దాని నోటికన్నా చిన్నది చాలు. బజార్లో దొరికే పచ్చి రొయ్యే, ఉప్పూకారం తగలకుండా, ఆర్‌ఓ నీళ్లలో కడిగి.

మరి ఎప్పుడు చెయ్యి పెట్టాలి? నోరు రోజంతా తెరుచుకుని లోపలి భాగం బయటికి వేలాడుతుంటే, పాదం దేన్నీ పట్టుకోకపోతే, ఒళ్లు కరుగుతూ కుళ్లు వాసన వస్తుంటే వెంటనే తీసేయండి. అప్పుడు ఆలస్యం చేస్తే చేపలు కూడా పోతాయి. ఓపికకీ అశ్రద్ధకీ తేడా ఇదే. చూడటం మానకూడదు, కెలకడం మానాలి.

ప్రొడక్షన్ సర్వర్‌లో చిన్న అలర్ట్ రాగానే నాలుగు సెట్టింగ్స్ ఒకేసారి మార్చేస్తే, తర్వాత ఏది వల్ల ఏం జరిగిందో ఎవరికీ తెలీదు. ఆఫీసులో జూనియర్స్‌కి ఈ క్లాస్ పీకేది నేనే. ఇంటికొచ్చి చేసింది మాత్రం అదే పని.

ఇంకో సంగతి. స్కాట్లాండ్‌లో జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1828లో సముద్రపు ఒడ్డున ఒక అనెమొనీని తెచ్చి గాజు జాడీలో పెంచాడు. అది చల్లటి నీళ్లలో బతికే వేరే రకం. ఆయన 1851లో పోయాడు. అది మాత్రం చేతులు మారుతూ 1887 దాకా బతికింది. దానికి ‘గ్రానీ’ అని పేరు పెట్టారు, అంటే నాయనమ్మ. మనకన్నా ఎక్కువ కాలం బతకగల ప్రాణి అన్నమాట. నేను దాన్ని ఆరు రోజుల్లో చంపేశా.

రెండోది ఎక్కడిదాకా వచ్చిందంటారా? తొమ్మిది రోజులు రాయి వెనకే ఉంది. నేను రోజూ చూశా, ఏమీ చేయలేదు. పదో రోజు పొద్దున రాయి అంచు చుట్టి వచ్చి, ఎడమవైపు బొరియలో పాదం దోపి, అరచేయంత విచ్చుకుంది. సోఫాలోంచి సగమే కనిపిస్తుంది. మిగిలిన క్లౌన్ ఫిష్ దాన్ని ఇంకా పట్టించుకోలేదు. ఇంకా హీటర్ పక్కనే పడుకుంటోంది. కొన్ని గంటలో వెళ్తాయి, కొన్ని ఎప్పటికీ వెళ్లవు. అది దాని ఇష్టం.

అమ్మకి వీడియో కాల్‌లో చూపించా. కళ్లద్దాలు పెట్టుకుని కాసేపు చూసి, “మూన తిరిగిందిరా” అంది.