కెమెరా ఎవరిది, బొమ్మ ఎవరిది?

హైదరాబాదులో పెద్దవాళ్ళ ఫోటోలు తీసి పేరు తెచ్చుకున్నవాళ్ళ గురించి మాట్లాడితే ముందు వచ్చే పేరు రాజా దీన్‌దయాళ్. 1844లో పుట్టి, ఇండోర్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు, 1897లో విక్టోరియా రాణి ఫోటోగ్రాఫరన్న హోదా, పోయిన నూరేళ్ళకి 2006లో తపాలా బిళ్ళ. గొప్ప జీవితమే, కాదనం.

ఆ జీవితంలో మనం ఆగి చూడాల్సిన గది ఒకటుంది. 1892లో ఆయన హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే స్త్రీలు పరాయి మగవాడి ముందు కూచోరు కనక అక్కడి బాధ్యత ఒక ఆంగ్ల స్త్రీకి అప్పజెప్పాడు. పుస్తకాల్లో ఆమె మిసెస్ కెన్నీ-లెవిక్. స్టూడియో పేరు దీన్‌దయాళ్‌ది, ఆమె పేరు భర్తది!

ఆమెకి ఆ పని ఇప్పించింది స్త్రీ ప్రతిభ మీద గౌరవం కాదు, పరదా. పరదా పోవాల్సిందే. కానీ దానితోపాటే కెమెరా వెనక ఆడమనిషి ఉండి తీరాలన్న షరతూ పోయింది.

ఇవాళ అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడవండి. మెట్రో స్తంభాల మీదా, నగల షాపుల మీదా ఆడవాళ్ళ ముఖాలే. సారథి స్టూడియో ఉన్న ఈ పేటలో అవకాశాలు వెతుక్కునే అమ్మాయికి అందరూ చెప్పే మొదటి మాట ‘పోర్ట్‌ఫోలియో చేయించుకో’. అప్పో సప్పో చేసి చేయించుకుంటుంది. అందులో బాగా వచ్చిన ఫోటో అడక్కుండానే ఫోటోగ్రాఫర్ గోడకెక్కుతుంది. ఇదేమిటంటే ‘నీకే పబ్లిసిటీ కదమ్మా’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ అలా అనదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్న మనిషే. ప్రకటనకి కంపెనీ డబ్బిస్తే హక్కు కంపెనీది. మరి అమ్మాయి డబ్బిస్తే ఆ హక్కు అమ్మాయిదని ఆమెకి ఎవరు చెప్పారు? సంతకం పెట్టమన్న కాగితంలో దాన్ని వదులుకుంటోందేమో ఎవరు చదివి వినిపించారు?

ఫోటో తీయడం కళ కాదా అంటారు. కళే. ఆ కళకి ఎదురుగా గంటలకొద్దీ కూచున్న శ్రమ మాత్రం ‘అందం’ అయిపోతుంది. ఫోటోగ్రాఫర్ల మీద వ్యాసాలూ పరిశోధనలూ రాసే మనమైనా ప్రతి బొమ్మ దగ్గరా మూడు ప్రశ్నలు అడగాలి. తీసిందెవరు? కూచున్నదెవరు? డబ్బిచ్చిందెవరు? ఆ పేర్లు బొమ్మ కిందే వేయాలి. నా పేరు వేయొద్దు, నా బొమ్మ గోడ మీంచి తీసెయ్యండి అనే స్త్రీ మాటకి కూడా అంతే విలువివ్వాలి.