న్యూయార్క్ ఎవరికి దగ్గర?

ఆడది గడప దాటితే మూడు ప్రశ్నలు ఎదురొస్తాయి. ఎందుకు వెళ్తున్నావు? డబ్బెవరిచ్చారు? తిరిగి ఎప్పుడొస్తావు? ఇవి ఇంట్లో అడిగితే పితృస్వామ్యం అన్నాం. ఇవే ప్రశ్నలు అద్దాల కిటికీ వెనక నుంచి అమెరికా వీసా అధికారి అడిగితే మాత్రం 'నిబంధన' అని సర్దుకుపోతున్నాం. ఏటా మార్చిలో న్యూయార్క్‌లో స్త్రీల హక్కుల మీద జరిగే ప్రపంచ సమావేశానికి దారి ఈ కిటికీ గుండానే పోతోంది. ఆ దారి గురించి మాట్లాడటం ప్రయాణ సలహాలివ్వడం కాదు. అది పూర్తిగా రాజకీయ విషయం.

ఐక్యరాజ్యసమితి మహిళా కమిషన్ 1946లో ఏర్పడింది. 1995 బీజింగ్ సదస్సు ఆమోదించిన కార్యాచరణ ప్రణాళిక ఎంతవరకు అమలైందో చూసేది ఈ కమిషనే. ముప్ఫై ఏళ్ళ సమీక్ష 2025 మార్చిలో న్యూయార్క్‌లోనే జరిగింది. అక్కడ ప్రభుత్వాలు ఒక్కొక్క మాట మీద బేరమాడతాయి. 'పునరుత్పత్తి హక్కులు' అన్న మాట ఉండాలా పోవాలా అన్నది ఆ గదుల్లో, ఆ వరండాల్లో తేలుతుంది. అక్కడ లేని స్త్రీ తరఫున ఇంకెవరో మాట్లాడతారు, లేదా ఎవరూ మాట్లాడరు.

మరి ఎవరు వెళ్ళగలరు? 1952 నాటి అమెరికా వలస చట్టం ప్రకారం సందర్శక వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే స్థిరపడే ఉద్దేశంతో వస్తున్నట్టే లెక్క. కాదని రుజువు చేసుకోవలసిన భారం అడిగేవారిదే. రుజువంటే ఏమిటి? ఆస్తి, ఉద్యోగం, బ్యాంకులో నిలవ, కుటుంబం. ఈ జాబితాని ఒకసారి మన ఊళ్ళోని స్త్రీల ముందు పెట్టి చూడండి. భూమి మామగారి పేరున ఉంది. జీతం గౌరవ వేతనం పేరుతో వస్తుంది, అదీ నెలనెలా రాదు. భర్త వదిలేశాడు, లేదా తనే వదిలేసి వచ్చింది. మనం ఏ అన్యాయాల మీద పోరాడుతున్నామో, సరిగ్గా ఆ అన్యాయాలే ఆమె దరఖాస్తుని బలహీనపరుస్తాయి. ఆస్తి లేకపోవడం గురించి చెప్పడానికి వెళ్ళాలంటే ముందు ఆస్తి చూపించాలి! తిరస్కరిస్తే అప్పీలు లేదు. 2023 జూన్ నుంచి 185 డాలర్లయిన రుసుము వెనక్కి రాదు. మళ్ళీ అడగాలంటే మళ్ళీ కట్టాలి.

ఇది మనకొక్కరికే కాదు. 2025 జూన్‌లో అమెరికా పన్నెండు దేశాల పౌరుల ప్రవేశాన్ని నిషేధించింది. అఫ్ఘానిస్తాన్, ఇరాన్, సూడాన్, హైతీ ఆ జాబితాలో ఉన్నాయి. ఆడపిల్లల చదువు మూసేసిన దేశం, యుద్ధంలో స్త్రీల శరీరాలు రణరంగమైన దేశం! ఎవరి గొంతు ముందు వినపడాలో వాళ్ళకే ముందు తలుపు మూశారు. అదే ఏడాది ఆగస్టులో కొన్ని దేశాల సందర్శకుల నుంచి 15,000 డాలర్ల దాకా పూచీకత్తు అడిగే పద్ధతి మొదలైంది. మలావి, జాంబియా వాటిలో మొదటివి.

ఆతిథ్యమిచ్చే దేశానికి బాధ్యత లేదా? ఉంది, రాతపూర్వకంగా ఉంది. 1947లో ఐక్యరాజ్యసమితికీ అమెరికాకీ కుదిరిన ప్రధాన కార్యాలయ ఒప్పందం ప్రకారం సమితి పని మీద వచ్చేవారి రాకపోకలకు అడ్డు పెట్టకూడదు. సమితి గుర్తించిన స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులు కూడా అందులో ఉన్నారు. వీసాలు రుసుము లేకుండా, వీలైనంత త్వరగా ఇవ్వాలని కూడా అందులో ఉంది. కానీ ఆచరణలో మనవాళ్ళు మామూలు సందర్శకుల వరసలోనే నిలబడుతున్నారు. 1988లో యాసర్ అరాఫత్‌కి వీసా నిరాకరించినప్పుడు సర్వప్రతినిధి సభ తన చర్చను జెనీవాకి మార్చుకుంది. ఒక నాయకుడి కోసం సభ కదిలింది. వేలమంది స్త్రీల కోసం కుర్చీ కూడా కదలదా?

సరే, వీసా వచ్చింది, విమానం దిగింది అనుకుందాం. కెన్నెడీ విమానాశ్రయం నుంచి మన్‌హాటన్‌కి టాక్సీ 70 డాలర్లు, టోలు, అదనపు రుసుములు, టిప్పు వేరే. చవక దారి ఎయిర్‌ట్రెయిన్ ఎక్కి జమైకా స్టేషన్‌కి పోయి, అక్కడ సబ్‌వే అందుకోవడం. ఎయిర్‌ట్రెయిన్‌కే ఎనిమిది డాలర్లకు పైగా అవుతుంది. సబ్‌వే టికెట్టు 2026 జనవరి నుంచి 3 డాలర్లు. పాత మెట్రోకార్డు అమ్మకం 2025తో ఆగిపోయింది. ఇప్పుడు బ్యాంకు కార్డో ఫోనో ఆనించి లోపలికి పోవాలి, లేకపోతే యంత్రంలో కొత్త కార్డు కొనుక్కోవాలి. గ్రాండ్ సెంట్రల్‌లో దిగితే నలభై రెండో వీధి వెంట తూర్పుకి నడిచి, లేదా ఎం42 బస్సెక్కి, ఫస్ట్ ఎవెన్యూలో ఉన్న సమితి భవనాన్ని చేరవచ్చు. వీధులకు అంకెలే పేర్లు కాబట్టి ఒకరోజు తిరిగితే అక్షరాలు రానివారికి కూడా దారి పట్టుబడుతుంది. అర్ధరాత్రి కూడా రైలు దొరుకుతుంది. ఆ నగరపు గొప్పతనం ఇది, ఒప్పుకోవాలి.

కానీ అదే నగరంలో 472 సబ్‌వే స్టేషన్లుంటే, వాటిలో దాదాపు మూడో వంతుకే చక్రాల కుర్చీ వెళ్ళే వీలుంది. వికలాంగులు కోర్టుకెక్కి పోరాడాక, 2055 నాటికి 95 శాతం స్టేషన్లకు సౌకర్యం కల్పిస్తామని 2022లో రవాణా సంస్థ ఒప్పుకుంది. చక్రాల కుర్చీలో ఉన్న స్త్రీ, మోకాళ్ళు అరిగిన వ్యవసాయ కూలీ, పసిబిడ్డను ఎత్తుకున్న తల్లి 2055 దాకా ఆగాలా?

ప్రయాణం హక్కు అన్న మాట మనకి కొత్త కాదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. 'ఊరికే తిరుగుతున్నారు' అన్న ఎత్తిపొడుపులూ ఆ వెంటే మొదలయ్యాయి. ఉచిత బస్సుల వాగ్దానంతో జోహ్రాన్ మమ్దానీ 2025 నవంబరులో న్యూయార్క్ మేయరుగా గెలిచారు. అంటే బస్సు టికెట్టు అక్కడా స్త్రీల సమస్యే, పేదల సమస్యే.

ఇక మన ఇంటి సంగతి. వీసా కిటికీని తిట్టి చేతులు దులుపుకోవడం సులభం. మన సంస్థలు ఎవరిని ప్రతినిధిగా పంపుతున్నాయి? ఇంగ్లీషు వచ్చినవాళ్ళని, పాస్‌పోర్టులో ఇదివరకే ముద్రలున్నవాళ్ళని, 'రిస్కు లేనివాళ్ళని' కాదా? వీసా అధికారి పెట్టే పరీక్షని మనమే ముందుగా మన కార్యాలయంలో పెడుతున్నాం. దళిత కార్యకర్త కేస్ స్టడీగా వెళ్తుంది, పట్నపు అక్కయ్య వక్తగా వెళ్తుంది. ఈ మాట చేదుగా ఉంటే ఉండనివ్వండి.

సమితి కార్యాలయమే అక్కడుంటే ఏం చేస్తామంటారు కొందరు. చరిత్ర అలా చెప్పడం లేదు. 1949లో ఈ కమిషన్ మూడో సమావేశం బేరూత్‌లో జరిగింది. 1980లలో వియన్నాలో జరిగింది. వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని పర్యవేక్షించే సీడా కమిటీ 2008లో న్యూయార్క్ వదిలి జెనీవా వెళ్ళింది. జెనీవాకీ వీసా కావాలి, నిజమే. అందుకే ఒకేచోట ఉండకూడదంటున్నాం. 1995లో చైనా స్వచ్ఛంద సంస్థల వేదికని బీజింగ్‌కి దాదాపు యాభై కిలోమీటర్ల దూరంలోని హ్వైరోకి నెట్టినప్పుడు ప్రపంచమంతా గోల చేశాం. ఇప్పుడు గోల ఎందుకు లేదు?

ఇంకొందరు తెర మీద చూస్తే చాలంటారు. తెర మీద వినగలం. కానీ బేరం వరండాలో జరుగుతుంది.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. 1947 ఒప్పందాన్ని స్వచ్ఛంద సంస్థల స్త్రీలకు అక్షరాలా అమలు చేయాలి. ఎంతమంది ప్రతినిధులకు వీసా నిరాకరించారో కమిషన్ ఏటా తన నివేదికలో ప్రకటించాలి. సమావేశాలు ఖండాల మధ్య తిరగాలి. రాలేనివారికి తెర మీద వినడమే కాక మాట్లాడే హక్కూ ఉండాలి. మన సంస్థలు కూడా పంపే ప్రతి ఇద్దరిలో ఒకరు క్షేత్రస్థాయి కార్యకర్త కావాలని, ఆమె భాషలో మాట్లాడేందుకు అనువాదకురాలి ఖర్చు బడ్జెట్లో పెట్టాలని తీర్మానించుకోవాలి. మొదటి నాలుగూ సాధించడానికి ఏళ్ళు పట్టవచ్చు. చివరిది వచ్చే నెల సమావేశంలోనే చేయవచ్చు. అక్కడ మనల్ని ఆపే కిటికీ ఏదీ లేదు.