ట్రూమన్‌కు నిజాం మొర

హైదరాబాద్ పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌కు వచ్చినవాళ్లు ఖిల్వత్ దర్బారు హాల్లో షాండ్లియర్ల కింద సెల్ఫీలు దిగి, నిజాం వైభవమంటే ఇదీ అనుకుంటూ వెళ్లిపోతారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను అంచనా వేయడానికి షాండ్లియర్ల కంటే ఒక విన్నపం మేలు. హైదరాబాద్ సంస్థానం విలీనంపై భారత్‌తో తగవులో మధ్యవర్తిగా ఉండమని 1948లో ఆయన అమెరికా అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్‌ను అడిగారు. ట్రూమన్ కుదరదన్నారు. ఈ విన్నపాన్ని దౌత్యమని రాస్తారు గానీ, నిజానికిది ఒంటరితనం. ఆంగ్లేయులకు ‘నమ్మకమైన మిత్రుడు’ అన్న బిరుదు మోసిన మనిషి, ఆ మిత్రులు మూటాముల్లె సర్దుకున్నాక ముక్కూమొహం తెలియని వాషింగ్టన్ తలుపు తట్టారు. పోనీ, సొంత ఇలాకాలో తెలంగాణ రైతులు భూస్వాములపై అప్పటికే రెండేళ్లుగా పోరాడుతున్నారు కదా, తగవేమిటో ముందు వాళ్లను అడగాల్సింది!

ఆ ఏడాదే సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానం సరిహద్దు దాటింది. 17కల్లా అంతా ముగిసింది.