ఉలవగుగ్గిళ్ళ ఆతిథ్యము

తెనాలి నుండి రేపల్లె మీదుగా బాపట్లకు కారులో పోవుచు, త్రోవలో అశ్వప్రియులైన మిత్రదంపతుల తోటలో దిగితిమి. మాకు కాఫీ రాకముందే గుర్రమునకు ఉలవగుగ్గిళ్ళు వచ్చినవి; ఆ మర్యాదక్రమము నాకు నచ్చినది. నా అరచేతిలోని గింజలను అది పెదవుల కొసలతో ఏరుకొని, వెచ్చగా ఊపిరి వదలినది.

ఒకప్పుడు రైలు దిగినవారిని ఇల్లు చేర్చిన జట్కాగుర్రము నేడు పెండ్లి ఊరేగింపుల అద్దెసొత్తైనది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టమున్నను, అరిగిన లాడమునైనను చూడక, చెవులు పగులు మ్రోతల నడుమ, బాణసంచా నిప్పురవ్వలలో దానిని నిలబెట్టుట వేడుక యనిపించుకొనుచున్నది. మోటుపల్లి రేవున 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు ఓడవర్తకులకు అభయశాసనము వేయించిన సీమ ఇది. మూగజీవమునకు ఆపాటి అభయమీయలేమా?

మేము బయలుదేరునప్పుడు మిత్రుడు తన గుర్రపు గిట్ట నెత్తిపట్టి మట్టి గీకుచుండెను, వీడ్కోలునకైనను తలయెత్తలేదు.