గ్యాస్ బిళ్ళ ఎప్పటిదాకా?

కండలు అదురుతున్నాయని ఒక డాక్టరు దగ్గరికి, కడుపు బాగోలేదని మరో డాక్టరు దగ్గరికి తిరిగేవాళ్ళు మా పల్నాడులో చాలామందే ఉన్నారు. ఒకరు నరాలకు రాస్తారు, ఇంకొకరు గ్యాస్‌కు రాస్తారు. ఆ రెండు చీటీలూ ఒకచోట చేరేది మందుల షాపు కౌంటరు మీదే. సత్తెనపల్లిలో ఏళ్ళుగా ఆ కౌంటరు వెనక నిలబడుతున్న ఫార్మసిస్టుని నేను. గ్యాస్ బిళ్ళ రాసే ప్రతి చీటీ మీద అది ఎందుకో, ఎప్పటిదాకానో కూడా రాసి తీరాలని అడుగుతున్నాను.

మా వీధిలో బట్టలు కుట్టే ఒకావిడ ఉంది. పిన్నీ అని పిలుస్తాను. ఎప్పుడో మోకాళ్ళ నొప్పులకు బిళ్ళలు రాస్తూ, వాటితో కడుపులో మంట రాకుండా పరగడుపున వేసుకునే పాంటోప్రజోల్ అనే గ్యాస్ బిళ్ళ కూడా రాశారు. నొప్పి బిళ్ళలు ఆగిపోయాయి, పరగడుపు బిళ్ళ మాత్రం ఆగలేదు. "అది వేసుకోకపోతే టీ నీళ్ళు కూడా సహించవమ్మాయ్" అనేది. తర్వాత బీపీ వచ్చింది. దానికిచ్చిన బిళ్ళలో మూత్రం ఎక్కువ పోయేలా చేసే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంది. కొన్నాళ్ళకు పొట్ట ఉబ్బరం, పల్చటి విరేచనాలు మొదలయ్యాయి. గ్యాస్ ముదిరిందని పరగడుపు బిళ్ళను రెండు పూటలకు పెంచారు.

ఆ తర్వాత కనురెప్ప అదరడం మొదలైంది. ఎడమ కన్ను కదా, ఆడమనిషికి శుభమేనని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. అక్కడినుంచి పిక్కల్లోకీ తొడల్లోకీ పాకింది. చర్మం కింద ఏదో కదులుతున్నట్టు ఉండేదట. రాత్రిళ్ళు పిక్కలు కొంకర్లు పోయేవి. నరాల బలహీనత అని ఊళ్ళోనే సూదిమందులు వేశారు. ఇంజనీరింగ్ చదివే చెల్లెలి కొడుకు ఫోన్లో వెతికి, కండలు కరిగిపోయి మనిషి మంచాన పడే ఏఎల్‌ఎస్ అనే జబ్బు గురించి చదివి వినిపించాడు. ఇక ఆవిడకు నిద్ర లేదు. గుంటూరులో నరాల డాక్టరు కండల్లోకి సూది గుచ్చి చూసే ఈఎంజీ పరీక్ష చేసి, భయపడాల్సిందేమీ లేదన్నారు. ఆయన చెప్పింది నిజమే. బలం తగ్గకుండా, కండ సన్నబడకుండా, మాటా మింగుడూ బాగానే ఉండి, ఉత్త అదురు మాత్రమే ఉంటే అది చాలావరకు ప్రాణాంతకం కాదు. అయితే ఎందుకు అదురుతోందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు ఆవిడ చీటీలన్నీ తెప్పించి తేదీల వరసలో పేర్చి చూశాను. నరాలూ కండలూ అదుపు తప్పకుండా ఉండాలంటే రక్తంలో మెగ్నీషియం సరిపడా ఉండాలి. అది బాగా పడిపోతే కండలు అదురుతాయి, కొంకర్లు పోతాయి, గుండె లయ తప్పవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. కాల్షియం, పొటాషియం కూడా దానితోపాటే తగ్గవచ్చు. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ కోవకు చెందిన బిళ్ళలను ఎక్కువకాలం వాడిన కొందరిలో ఇలా మెగ్నీషియం తగ్గుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011 మార్చిలోనే హెచ్చరించింది. చాలా కేసుల్లో వాడకం ఏడాది దాటిందని, సుమారు నాలుగో వంతు కేసుల్లో మెగ్నీషియం ఇచ్చినా సరిపోక బిళ్ళే మానిపించాల్సి వచ్చిందని చెప్పింది. పిన్నికి ఆ బిళ్ళ ఒక్కటే కాదు, బీపీ బిళ్ళ వల్ల మూత్రంలోనూ, విరేచనాల్లోనూ కూడా మెగ్నీషియం పోతోంది. కడుపు బాధ ఒకటీ, కండల బాధ ఒకటీ అని విడదీసి చూసినంతకాలం ఇది ఎవరి కంటా పడదు.

జబ్బు తేల్చడం నా పని కాదు. ఆవిడ వాడే మందులన్నీ, ఏది ఎప్పటినుంచో ఒక కాగితం మీద రాసి, కింద "మెగ్నీషియం ఒకసారి చూస్తారా" అని చేర్చి, జనరల్ ఫిజీషియన్ దగ్గరికి పంపాను. పరీక్ష చేయిస్తే మెగ్నీషియం తక్కువే ఉంది. ఎలక్ట్రోలైట్స్ అని మామూలుగా చేసే పరీక్షలో సోడియం, పొటాషియం, క్లోరైడ్ చూస్తారు. మెగ్నీషియం కావాలంటే విడిగా రాయాలి. అదుర్లని వచ్చేవాళ్ళకు, అందులోనూ గ్యాస్ బిళ్ళ ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళకు, ఆ ఒక్క పరీక్షా రాయడం డాక్టర్లకు అలవాటు కావాలి. ఆ డాక్టరుగారు పరగడుపు బిళ్ళను మెల్లగా తగ్గించి ఆపించారు, బీపీ మందు మార్చారు, మెగ్నీషియం ఇచ్చారు. ముందు విరేచనాలు కట్టాయి, తర్వాత అదుర్లు తగ్గాయి.

అందరి కథా ఇదే అనడం లేదు. థైరాయిడ్ ఎక్కువైనా చేతులు వణుకుతాయి, విరేచనాలూ అవుతాయి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గి తిమ్మిర్లు రావచ్చు. మిరప, పత్తి చేలల్లో పురుగుమందు కొట్టి వచ్చిన మనిషికి వాంతులు, విరేచనాలు, చొంగ, చెమటలతోపాటు కండలు అదురుతుంటే మాత్రం పరీక్షలంటూ ఆలోచిస్తూ కూర్చోకూడదు. బట్టలు మార్చి, ఒళ్ళు కడిగి, 108కి ఫోన్ చేసి ఆ క్షణమే ఆస్పత్రికి చేర్చాలి. ఆ పురుగుమందు డబ్బా కూడా వెంట తీసుకెళ్ళాలి.

అల్సరై రక్తం పోయినవాళ్ళు, గుండెకు స్టెంటు వేయించుకుని రక్తం పల్చబరిచే మందులు వాడేవాళ్ళు, ఇది చదివి గ్యాస్ బిళ్ళ తమంతట తాము మానకండి. వాళ్ళకది అవసరం. మిగతావాళ్ళు కూడా డాక్టరును అడిగే మానాలి. బిళ్ళ మానగానే, అన్నాళ్ళు అణిగి ఉన్న ఆమ్లం మొదటి కొన్ని వారాలు మామూలుకంటే ఎక్కువ ఊరుతుంది. పాత జబ్బే తిరగబెట్టిందనుకుని జనం మళ్ళీ మొదలుపెడతారు. ఈ బిళ్ళ ఇన్ని ఇళ్ళల్లో పాతుకుపోవడానికి ఇదే పెద్ద కారణమని నా అనుభవం.

పాంటోప్రజోల్ చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందు. అయినా "రెండు గ్యాస్ బిళ్ళలివ్వండి" అంటే కత్తిరించి ఇచ్చే షాపులు ఊరూరా ఉన్నాయి. చీటీని పరిశీలించడం, మందు గురించి రోగికి వివరించడం ఫార్మసిస్టు బాధ్యతలని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ చెబుతున్నాయి. కానీ చాలా షాపుల్లో ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడ మీద ఉంటుంది, ఆ మనిషి షాపులో ఉండరు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ముందు దీన్ని సరిచేయాలి. డాక్టర్లు కూడా ఒక్క వాక్యం కలపాలి. చీటీ మీద "ఆరు వారాలు మాత్రమే" అని ఉంటే, ఏడో వారం అదే బిళ్ళ కోసం వచ్చిన మనిషితో "ఒకసారి డాక్టరుగారికి చూపించుకుని రండి బాబాయ్" అని గట్టిగా చెప్పగలుగుతాను.